పాడుకు ఆఖరు తేదీ

తడ, 7 జూలై 2025

మత్స్యకారుల సంఘం ప్రెసిడెంటు గారికి నమస్కారాలు.

మీ సంఘానికి మేం రాసిచ్చిన ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో, 3.9 వెర్షన్ మీద నడుస్తోంది. ఏ వెర్షన్‌నైనా దాన్ని తయారుచేసినవాళ్లు అయిదేళ్లే కనిపెట్టుకుని ఉంటారు. అక్టోబరు 31తో దీని ఆయువు తీరుతుంది. ఆ తర్వాత పాడైనా మేం చూడం. ఈలోగా కొత్త వెర్షన్‌కు మారగలరు.

ఇట్లు,
నరేంద్రబాబు, సపోర్ట్ విభాగం


దొరవారిసత్రం మండలం, 14 జూలై

నరేంద్రబాబు గారికి, సంఘం గుమాస్తా ఉష రాసేది.

ప్రెసిడెంటు చిన్నపోలయ్య మా నాన్నే. మీ ఉత్తరం మీటింగులో గట్టిగా చదివినాడు. పులికాట్‌లో ఏ పడవ ఏ రోజు ఎక్కడ వల వెయ్యాలో చీటీలేసి వంతులు పంచుకుంటాం. ఆ వంతునే పాడు అంటాం. మీ ప్రోగ్రాం వేసేది ఆ చీటీలే. మీరేమో 'పాడైనా మేం చూడం' అన్నారు. అక్టోబరు దాటితే ఎవరి పాడూ చూడరంట అని నలభై మంది తెడ్లెత్తుకుని తడకు బయల్దేరినారు. నేను అడ్డంపడి ఆపినాను. ఇంకోసారి 'చెడిపోతే' అని రాయండి సార్. ఫోన్‌లో చెప్తే నాన్న నమ్మడు, కాగితం మీద సంతకం ఉండాల.

ఉష

తా.క.: పైథాన్ అంటే కొండచిలువ అని ఎవరో చెప్పినారు. పాపం, అయిదేళ్లేనా దాని ఆయుష్షు అని కామమ్మవ్వ బాధపడతా ఉండాది.


తడ, 21 జూలై

ఉష గారికి,

మాది కోవూరు. వరి తప్ప ఇంకేం తెలియనివాణ్ణి, క్షమించండి. కొత్త వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసి, మార్చే పద్ధతి రెండు కాగితాల మీద రాసి పంపుతున్నాను. పావుగంట పని. అదయిపోతే ఇక మీకు నాతో పనుండదు. తేడా వస్తే పాడు జాబితా ప్రింటు తీసి జతచేయండి.

నరేంద్రబాబు

తా.క.: మీ కవరు విప్పితే ఎండురొయ్యల వాసనకి ఆఫీసంతా తలెత్తింది. బయట పారెయ్యమన్నారు. నా సొరుగులో దాచుకున్నాను.


దొరవారిసత్రం మండలం, 18 ఆగస్టు

నరేంద్రబాబు గారికి,

మీరు చెప్పినట్టే చేసినాను, కుదర్లేదు. పోయిన వారం జాబితాలో నాన్న పేరు పక్కకి జరిగిందంటే మూడు పేజీలు రాసినారు, సర్దుకుంది. ఈ వారం అక్షరాలు లేతగా వస్తా ఉండాయి. జాబితా జతచేసినాను. పోస్టుమాన్ పెంచల్ వచ్చేది మంగళవారం. సోమవారమంతా నాకు ఏ పనీ తోచదు. జాబితా సంగతి తేలక.

ఉష

తా.క.: అక్టోబరు 31తో ఆయువు తీరేది మీకే అనుకున్నాడు నాన్న. గంగమ్మకి మీ పేరున మొక్కుకున్నాడు. మీ నక్షత్రం కావాలంట.


తడ, 15 సెప్టెంబరు

ఉష గారికి,

నాలుగు వారాలుగా లేతగానే వస్తోందంటే అది పైథాన్ తప్పు కాదండీ, ప్రింటర్‌లో ఇంకు అయిపోయింది. ఈ మాట చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. పోయిన ఉత్తరంలో నాలుగు పేజీలు ఎందుకు రాశానో నాకూ తెలియదు.

నరేంద్రబాబు

తా.క.: నక్షత్రం అమ్మని అడిగి రాస్తాను.


దొరవారిసత్రం మండలం, 13 అక్టోబరు

నరేంద్రబాబు గారికి,

ఇంకు పోసినాను, బాగుంది. ఈ వారం చెడిపోయింది ఏందా అని ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఊరికే రాస్తా ఉండాను. ఇంకా పాత వెర్షనే. పద్దెనిమిది రోజులైతే మీరు చూడరు గదా. సరస్సుకు నీళ్లొచ్చినాయి, కొంగలొచ్చినాయి. పెంచల్ మాత్రం రెండు వారాలుగా వట్టి చేతులతో వస్తా ఉండాడు. అలవాటు కొద్దీ జాబితా జతచేసినాను.

ఉష


తడ, 22 అక్టోబరు

ఉష గారికి,

జాబితా అడుగున చిన్న అక్షరాల్లో వెర్షన్ నంబరు పడుతుంది. మీరు పంపిన మొదటి జాబితా నుంచే అక్కడ 3.13 ఉంది. అంటే మొదటిసారే మీరు సరిగ్గా మార్చేశారు. నాకు అప్పుడే తెలుసు. చెప్తే రాయడం మానేస్తారని భయపడ్డాను. ఎలా చెప్పాలో తోచకే ఆ రెండు వారాలు ఉత్తరం రాయలేకపోయాను. మీ ఉత్తరం లేని వారం నాకు గడవదు, ఉషా.

ఈసారి మీరు పంపింది నవంబరు జాబితా. రెండో తేదీ ఆదివారం మీ నాన్నగారికి పాడు లేదు. ఇంట్లోనే ఉంటారు కదా. ఆఫీసు తరఫున కాదు, నా తరఫున వస్తున్నాను.

నరేంద్రబాబు

తా.క.: మొక్కు ఎప్పుడు తీరుస్తారని మీ నాన్నగారికి ఫోన్ చేశాను. ఏ మొక్కూ లేదన్నారు. నా నక్షత్రం అనూరాధ.