తెల్ల కొంగు వెంట

నా బంగారు తల్లికి, కాళ్ళ బురదైనా కడుక్కోకుండా కూర్చుని నాన్న దీవించి రాస్తున్నది.

అమ్మడూ, నాకు పిచ్చి సంతోషంగా ఉందే! ఆదివారాలు మా నడక జట్టుతో అడవిలోకి పోతున్నానని చెప్పాను కదా. పొద్దున బయల్దేరి, చెట్ల కిందుగా నడిచి, చిత్తడి నేల చుట్టూ తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరతాం. దారి పొడుగునా మనిషి అలికిడి ఉండదు. ఇన్నేళ్ళూ కుట్టుమిషను తొక్కిన కాళ్ళు! ఎంత తొక్కినా ఒక్క అడుగు ముందుకు పోని కాళ్ళు! ఇప్పుడు ఆగమన్నా ఆగడం లేదు.

మొన్న తెల్ల కొంగు ఒకటి కనపడింది. ఏం నడక, ఏం మెడ! అంత తెలుపు నా ఇస్త్రీపెట్టె కింద ఏనాడూ చూడలేదు. అది ఎటు పోతే అటు, జట్టుని వదిలేసి మరీ వెంటపడ్డాను.

ఇట్లు,
ఆనందం పట్టలేని నాన్న.

తా.క.: ఈ వయసులో ఇదేం పని అని పక్కింటివాళ్ళు గొణుగుతున్నారు. గొణుక్కోనీ. వచ్చే ఆదివారం కూడా వెళ్తాను.

*

నాన్నకి నమస్కారాలు. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప.

ఎవరి కొంగు నాన్నా అది? అమ్మ పోయాక ఒంటరివాడివయ్యావు, నాలుగడుగులు నడిస్తే మంచిదే అనుకున్నాను గానీ, ఇలా నడుస్తావనుకోలేదు. పైగా ‘అది’ అంటావా! అప్పుడే అంత చనువా? నడకా వద్దు, అడవీ వద్దు. మా వెనకగది ఖాళీ చేయించి నీకోసం టీవీ పెట్టించాను. వచ్చెయ్యి.

ఇట్లు,
నిద్రపట్టని నీ కూతురు.

తా.క.: ఆవిడకి కుటుంబం ఉందా?

*

చిట్టితల్లికి నాన్న బోలెడు ముద్దులతో.

‘ఆవిడ’ అన్నావు చూడు, నీ మర్యాదకి మురిసిపోయాను. కుటుంబం లేకేం! చెట్టు మీద కాపురం. ముగ్గురు పిల్లలు, ఎప్పుడూ ఆకలే. మొగుడు చేపలు పట్టుకొస్తాడు. నేనెంతసేపు గుడ్లప్పగించి చూసినా పాపం ఏమీ అనుకోడు.

వెనకగదికి మాత్రం రాను. అడవిని టీవీలో చూడమంటావా? నేను బురదలోకి దిగాను, ఇక పైకి రాను. ఏం చేసుకుంటారో చేసుకోండి!

ఇట్లు,
మాట వినని నాన్న.

తా.క.: మా జట్టులో బ్రెడ్డు కొట్టావిడ దుర్భిణీ ఇస్తే వాళ్ళ ఇల్లంతా చూశాను!

*

నాన్నకి, నమస్కారం పెట్టే ఓపిక కూడా లేక రాస్తున్నది.

మొగుడున్న మనిషి, పసిపిల్లల తల్లి, పైగా దుర్భిణీ! నీ ఉత్తరం చదివి మీ అల్లుడు ఆఫీసుకి సెలవు పెట్టారు. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం ఇద్దరం వస్తున్నాం. పెట్టె సర్దుకో. రానంటే ఎత్తుకొస్తాం.

ఇట్లు,
తలెత్తుకోలేని నీ కూతురు.

తా.క.: కవరు అంటించాక మళ్ళీ విప్పాను. చెట్టు మీద కాపురమా? నాన్నా, వాళ్ళకి రెక్కలున్నాయా? ఉంటే పైదంతా కొట్టేసుకో. నన్ను క్షమించు.

*

పిచ్చితల్లికి నాన్న నవ్వుతూ రాస్తున్నది.

రెక్కలు లేకుండా ఎలా ఎగురుతాయే! నేను కొంగకి కొమ్ము తగిలించానట, అది కాస్తా కొంగు అయి కూర్చుందట. కనిపెట్టింది బ్రెడ్డు కొట్టావిడే. నీ ఉత్తరాలు జట్టుకి చదివి వినిపిస్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తిరిగొచ్చే దారంతా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. చివరికి, “ఇన్ని ఆదివారాలూ మీ పక్కన నడిచింది నేను. మీ అమ్మాయి అనుమానపడాల్సింది నన్ను కదండీ, ఆ పక్షినా?” అంది.

నేను బురదలో చతికిలబడ్డాను. చెయ్యిచ్చి లేపింది. లేచాక కూడా వదల్లేదే!

కాబట్టి నీ క్షమాపణ ఇక్కడ చెల్లదు, తిరిగి పంపుతున్నాను. ఆదివారం ఇద్దరూ తప్పకుండా రండి. పెట్టె సర్దను. మాతో కలిసి నడవండి, ఆవిడని చూడండి, చల్లగా ఇంటికి వెళ్ళండి. మీ నాన్నకి కొమ్ములొచ్చాయంటావా? వచ్చాయి!

ఇట్లు,
ఎవరొచ్చి లాగినా కదలని నాన్న.

తా.క.: మీ ఆయన్ని కంగారుపడొద్దను. ఆవిడ సరేనని ఇంకా అనలేదు. ముందు ఆ బూట్లు కడుక్కుని రమ్మంది. కడుగుతున్నాను.