చిన్న ఎన్‌లార్జరే కావాలి

గూడూరు,
14-8-1963.

గౌరవనీయులైన సుభాని అన్నగారికి,

తమ్ముడు అల్లాబక్షు సలాములు. ఇక్కడ అమ్మ, మస్తాన్‌బీ, నేను అల్లా దయవల్ల బాగున్నాము. మద్రాసులో మీరు, వదిన, పిల్లలు కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గింది. మీ మీద కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకో కింద రాస్తాను.

మూతపడుతున్న స్టూడియోలో, ఫోటోలను పెద్దవి చేసే ఎన్‌లార్జరు, అదీ పెద్దది, చవగ్గా వస్తున్నదనీ, దానితో బజారువీధిలో బోర్డు కట్టి కూర్చోమనీ రాశారు. నాకు ఆ పెద్దది వద్దు. మా బాక్సు కెమెరా ఫిల్ముకు చిన్నది చాలు. పైగా ఆ పెద్దదానిలో నెగెటివ్‌ను రెండు అద్దాల మధ్య బిగించాలన్నారు. ఈ ఉక్కలో అది అద్దానికి అంటుకుపోతుంది. అంచులు మాత్రమే పట్టుకునే రకం చూడండి. దీపం పెట్టె ఎక్కి దిగే నిలువు కమ్మీ పొట్టిగా ఉండాలి. వడ్ల కొట్టులో పీట వేసుకుని కూర్చుని పని చేయాలి. వెలుతురు రాకుండా కిటికీకి పాత గొడుగుల గుడ్డ కొట్టేశాను. ప్రింట్లు కడగడానికి మన బావి ఉప్పునీళ్ళు పనికిరావు, తాగే నీళ్ళే మోసి పోస్తున్నాను. ఎన్ని చెడినవో రోజూ రాసుకుంటాను. ఈ నెల తక్కువే. ఇప్పటిదాకా ఫిల్మంత ప్రింట్లే తీస్తున్నాము, అవి ముసలివాళ్ళ కళ్ళకు ఆనడం లేదు.

బజారులో అంగడి ఎందుకు వద్దంటే, మా పెళ్ళి ఫోటో బాగా వచ్చిందని ఇక్కడి స్టూడియో ఆయన వీధి వైపు గాజు పెట్టెలో పెట్టాడు. తీయించేసరికి నెల పట్టింది. “నిమ్మకాయల మండీకి వచ్చినోళ్ళంతా నా మొహం చూసినారు గదా. ఇంకమీద మన ఫోటోలు మనింట్లోనే కడుక్కుందాం,” అన్నది మస్తాన్‌బీ. మన వీధి ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చేది అందుకే. నెగెటివ్ కూడా వాళ్ళ చేతికే ఇచ్చి పంపుతాము.

ఇన్నాళ్ళూ మీకు చెప్పని మాట ఒకటుంది. ఫోటోలు తీసేదీ, కడిగేదీ మస్తాన్‌బీ. నేను నీళ్ళు మోస్తాను, మందులు కలిపిస్తాను. ‘తమ్ముడికి చెయ్యి తిరిగింది’ అని మెచ్చుకుని మీరు ఫ్రేము కట్టించిన అమ్మ ఫోటో ఆమె తీసిందే. ముందే చెప్పి ఉంటే ఫ్రేము కట్టించేవారు కారు.

ఆడవాళ్ళను ఫోటోలు కడిగే గదిలోకి రానిస్తే మందులు చెడతాయని రాశారే, అది అమ్మకు చదివి వినిపించాను.

“వాడికి నేను వండి పెట్టిన కూడు చెడిందంటనా?” అన్నది. “ఆ పిల్ల తీస్తానంటే కూర్చున్నా. ఇంకోడు పిలిస్తే గడప దాటేదాన్నా? రాయి వాడికి.”

రాశాను.

చిన్నది కొని పంపడం మీకు ఇష్టం లేకపోతే లేదని కార్డు ముక్క వేయండి. వచ్చే సోమవారం పొద్దుటి బండికి మేమిద్దరం వస్తాము. అంగట్లో దాని ముందు కూర్చుని, తిప్పి చూసి, ఎంచేది మస్తాన్‌బీ. అంగడివాడు నన్ను అడిగితే ఆమెను అడగమంటాను. మీరు రమ్మంటే మీ ఇంట్లో భోంచేస్తాము. లేకుంటే దాన్ని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం బండికి తిరిగి వస్తాము.

ఇట్లు,
మాట వెనక్కి తీసుకోని మీ తమ్ముడు,
అల్లాబక్షు