ఇంట్లో ఫేర్‌వెల్

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

మా ఇంట్లో యోగా మొదలైంది. హాల్లో ఉన్న నా మంచాన్ని వెనకగదిలోకి తోశారు. మంచం చోట ఇప్పుడు రెండు మ్యాట్లు. మ్యాట్ల కోసం మనిషిని జరపమని ఏ శాస్త్రంలో ఉందో ఆ మాస్టారినే అడగాలి.

మాస్టారు పేరు మనోజ్‌కుమార్. స్మృతి నగర్ కమ్యూనిటీ హాల్లో సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే క్లాసు. మా అబ్బాయి హరినాథ్ నడుం నొప్పికని చేరాడు, కోడలు భాగ్యరేఖని వెంట తీసుకెళ్లాడు. నడుం సంగతి తెలీదు గానీ వాడి నోట్లోంచి యూనివర్స్ అనే మాట తరచూ ఊడిపడుతోంది. వాడు భిలాయి స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్. యూనివర్స్‌తో వాడికేం పని?

ఫిబ్రవరి 6, ఉదయం 7

క్లాసు లేని రోజున ఇంట్లో చేస్తారు. చివర శవాసనం. మొగుడూ పెళ్లాం పొద్దున్నే నట్టింట్లో కాళ్లు చాపి శవాల్లా పడుకుంటారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గోడవారగా వెళ్లాలి. దాటకూడదు, తొక్కకూడదు, మాట్లాడకూడదు. ఫోన్లో జలపాతం చప్పుడు పెట్టుకుంటారు. ఆ చప్పుడుకి వాళ్లకి శాంతి, నాకు బాత్రూమ్.

ఫిబ్రవరి 8

కొత్త చాప్టర్. గ్రాటిట్యూడ్. అందరికీ, అన్నిటికీ థాంక్స్ చెప్పాలట. హరినాథ్ గీజర్‌కి చెప్పాడు. స్కూటర్‌కి చెప్పాడు. చెప్పులకి కూడా చెప్పబోయి నన్ను చూసి మానేశాడు.

భాగ్యరేఖ పాలవాడికి చెప్పింది. ఇక్కడే రిసాలిలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు కంటే హిందీ బాగా వస్తుంది, కాబట్టి హిందీలో పొడుగ్గా చెప్పింది. వాడు హడలిపోయి, క్యా హువా దీదీ, నిన్నటి పాలు విరిగిపోయాయా అని అడిగాడు. ఈ చుట్టుపక్కల బుర్ర పనిచేస్తున్నవాడు పాలవాడొక్కడే.

ఫిబ్రవరి 12

ఇవాళ నా వంతు. పాలగిన్నె స్టవ్ మీద పెట్టబోతుంటే భాగ్యరేఖ వచ్చి చేతిలోంచి తీసుకుంది. ఇన్నాళ్లూ మీరే చేసారు, థాంక్స్ అత్తయ్యా, ఇంక నేను చూసుకుంటాను, మీరు రెస్ట్ తీసుకోండి అంది. కళ్లు చెమ్మగా పెట్టుకుని మరీ అంది.

బొబ్బిలి నుంచి ఇక్కడికి వచ్చిన మా వాళ్లెవరూ ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెప్పగా నేను వినలేదు. మా ఆయన పోయేదాకా నా వంటే తిన్నాడు. కూర బాగుంటే ఇంకొంచెం వెయ్యి అనేవాడు. బాగోకపోయినా తినేసి లేచేవాడు. థాంక్స్ చెప్పేది బస్సులో సీటిచ్చినవాడికి. బస్సు దిగాక వాడెవడో మనమెవరమో.

ఫిబ్రవరి 17

కూరలు తరగడం పోయింది. థాంక్స్ చెప్పి కత్తిపీట అటకెక్కించారు. బట్టలు మడతపెట్టడం పోయింది. మళ్లీ థాంక్స్. హరినాథ్ బీరువా తాళాలు అడిగాడు. ఇన్నేళ్లు భద్రంగా చూసావమ్మా, నీకు కృతజ్ఞతలు అన్నాడు. కృతజ్ఞతలట. కన్నతల్లితో మాట్లాడుతున్నాడో, మైకులో మాట్లాడుతున్నాడో అర్థం కాలేదు. తాళాలు ఇచ్చేశాను.

ఒక్కో థాంక్స్‌కి ఒక్కో పని ఊడిపోతోంది. ఇంక మిగిలింది నీళ్ల మోటరు. టాంకు నిండగానే దాన్ని ఆపేది నేనేనని వాళ్లకి తెలీదు. అందుకే మిగిలింది.

ఫిబ్రవరి 19

మంచం మీద కూర్చున్నాను. రెస్ట్ తీసుకున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం, సాయంత్రం

అయిపోయింది.

పొద్దున్న మంచి చీర కట్టుకోమన్నారు. ఎవరింటికో పేరంటానికి కాబోలనుకున్నాను. హాల్లో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. మనోజ్‌కుమార్ వచ్చాడు, వెంట క్లాసు వాళ్లంతా లెగ్గింగుల్లో వచ్చారు. హరినాథ్ మెడలో దండ వేశాడు. భాగ్యరేఖ శాలువా కప్పి, చేతిలో కొబ్బరికాయ పెట్టింది. ఇద్దరూ కాళ్లకి దణ్ణం పెట్టారు. ఈ ఇంటికి మీరు చేసిన సేవ మరువలేనిది అని చదివాడు నా కొడుకు. సేవ అనే మాట దగ్గర ఆగి కాగితం తిప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

శాలువా, కొబ్బరికాయ, దండ, నాలుగు మంచి మాటలు. భిలాయిలో పుట్టిన పిల్లిపిల్లకి కూడా తెలుసు దాని అర్థం ఏమిటో. ప్లాంటు టైమ్ ఆఫీసులో క్లర్కుగా చేసినదాన్ని. ఎంతమందికి అలా కప్పడం చూశానో. రిటైరైన రోజున నాకూ కప్పారు. మీరు లేకపోతే సెక్షన్ నడవదు మేడమ్ అన్నారు. మర్నాడు మర్చిపోయిన టిఫిన్ డబ్బా కోసం వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. పాస్ చెల్లదన్నారు. డబ్బా బయటికి పంపించారు, నన్ను లోపలికి పంపలేదు. సెక్షన్ మాత్రం బ్రహ్మాండంగా నడిచింది.

అందుకే నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మంచం జరిపారు, పనులు తీసుకున్నారు, తాళాలు తీసుకున్నారు, శాలువా కప్పారు. ఆర్డర్ ప్రకారం చేశారు. లేచి నిలబడి అందరికీ నమస్కారం అన్నాను. మనోజ్‌కుమార్ ఫొటో తీశాడు, నవ్వండి మాతాజీ అన్నాడు. నవ్వాను.

ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆఫీసు నుంచి వస్తే ఇల్లుంది. ఇంట్లోంచి ఎక్కడికి? భయం వేస్తోంది.

ఫిబ్రవరి 24

వాళ్లు క్లాసుకి వెళ్లగానే బ్యాగు సర్దుకుని ఆటో ఎక్కాను. చరోదాలో మా తమ్ముడు గురునాథరావు ఇంటికి వచ్చాను. చరోదాలో ఉంటాను, వెతకొద్దు అని హరినాథ్‌కి వాట్సాప్ పెట్టాను.

వాడు దణ్ణం పెట్టే చేతుల బొమ్మ పంపాడు. కింద ఎంజాయ్ అమ్మా అని రాశాడు.

ఫిబ్రవరి 25

తమ్ముడు రైల్వే యార్డులో గార్డుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఏటప్పా, బ్యాగు సూస్తే ఇక్కడే ఉండిపోయీలాగున్నావు అన్నాడు. చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. శాలువా కప్పీసారంటే ఇంకేటుంది అన్నాడు. వాడికి కప్పిన శాలువా స్కూటర్ సీటు మీద ఉంది, రెండుచోట్ల చిరిగింది.

ఈ ఊళ్లో ఎవరిని అడిగినా అదే అంటారు. ఒక్క మనోజ్‌కుమార్‌కే తెలీదు.

ఫిబ్రవరి 26

శివరాత్రి. ఉపవాసం. ఇంటి నుంచి ఫోన్ లేదు.

ఫిబ్రవరి 27, మధ్యాహ్నం

భాగ్యరేఖ వచ్చింది. ఆటో దిగుతూనే మొదలుపెట్టింది. ఏటత్తయ్యా ఇది, మోటరు మీరు ఆపుతున్నట్టు ఒక్క మాట చెప్పాలా వద్దా అంది. నిండగానే అదే బంద్ అయిపోతుందని ఇద్దరూ అనుకున్నారట. పొద్దున్న టాంకులో చుక్క లేకపోతే హరినాథ్ మోటరు వేసి మ్యాట్ మీద పడుకున్నాడట. టాంకు పొంగి మెట్ల మీంచి నీళ్లు దిగుతున్నాయి. ఆ చప్పుడు విని ఇవాళ జలపాతం భలే నేచురల్‌గా ఉందనుకున్నారట. వీపులు తడిశాక లేచారు. ఇల్లంతా నీళ్లు, ఫ్రిజ్ కింద నీళ్లు, నా మంచం కింద నీళ్లు. మీకు బుద్ధి ఉందా అత్తయ్యా అని నడివీధిలో అడిగింది.

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నన్ను ఎవరైనా తిట్టి ఎన్నాళ్లయింది. ఇంకొంచెం తిడుతుందేమోనని చూశాను.

తర్వాత నా మాట అన్నాను. రిటైర్ చేసీసి పంపించీసారు కదా, మళ్లీ డ్యూటీ ఏటి అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. శాలువా గురించి చెప్పాను. గేటు గురించి చెప్పాను. నోరు తెరుచుకుని విన్నది. అది హోంవర్క్ అత్తయ్యా అంది. ఇంట్లో పెద్దవాళ్లని సన్మానించి, ఫొటో గ్రూపులో పెట్టమని మాస్టారు చెప్పాడట. పెద్దవాళ్ల చేతిలో బరువు తగ్గించమన్నాడట, అందుకే పనులు తీసుకున్నారట. చరోదాకి నేను సరదాగా వెళ్లాననుకున్నారట.

హోంవర్క్. నా బతుకు మీద హోంవర్క్ చేశారు.

అంతటితో ఊరుకోలేదు ఆ పిల్ల. గుమ్మంలో కూలబడి, అసలెందుకు చేసానో తెలుసా అంది. నేను మీకు థాంక్స్ చెప్తే ఎప్పుడో ఒకరోజు మీరూ నాకు ఒక మంచి మాట చెప్తారనుకున్నాను. శాదీ అయి వచ్చినకాడ్నుంచీ ఒక్కసారైనా అన్నారా? బాగా చేసావే అని ఒక్క మాట. నాకు యూనివర్సూ వద్దు, ఏటీ వద్దత్తయ్యా అంది. ఏడ్చింది.

తమ్ముడు లేచి స్కూటర్ తుడవడానికి బయటికి పోయాడు. నేను బ్యాగు తెచ్చుకుని ఆమెతో ఆటో ఎక్కాను.

మార్చి 1

కత్తిపీట అటక దిగింది. తాళాలు నా బొడ్లో ఉన్నాయి. మంచం హాల్లోకి వచ్చింది, మ్యాట్లు వెనకగదిలోకి పోయాయి. సంగతి విని, మాతాజీకి ఈగో ఎక్కువ అన్నాడట మనోజ్‌కుమార్. ఆయనకి గ్రాటిట్యూడ్‌తో నమస్కారం పెట్టానని చెప్పమన్నాను.

భాగ్యరేఖ మాత్రం ఏమీ అడగడం లేదు. కాఫీ ఇస్తుంది, వెళ్తుంది. తిట్టడం కూడా మానేసింది. అడిగితే కోపం తెచ్చుకుని తప్పించుకుందును. ఆమె మంచి పిల్ల. నా జ్వరాలు చూసింది, మా ఆయన ఆఖరి రోజుల్లో పక్క మార్చింది, ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఇక్కడ రాయడానికి ఏ ఇబ్బందీ లేదు. నోటితోనే అవడం లేదు. అద్దం ముందు అని చూశాను. ఎన్నికల్లో నిలబడినదానిలా ఉన్నాను.

మార్చి 3, ఉదయం

భాగ్యరేఖ మిక్సీలో పల్లీపచ్చడి ఆడిస్తోంది. ఆ చప్పుడులో ఆ మంచి మాట చెప్పేశాను. గబుక్కున మిక్సీ ఆపి, ఏటన్నారత్తయ్యా అంది.

పచ్చడిలో ఉప్పు ఎక్కువైంది అన్నాను.

మిక్సీ మూత తీసి చూసింది. ఇంకా ఉప్పు వెయ్యలేదత్తయ్యా అంది.