సబ్బుపెట్టె లైటు

తమ్ముడూ,

సాయంత్రం దాకా సైకిలు ముట్టుకోకు. వెనక లైటుకి పెట్టిన సబ్బుపెట్టె మూతకి పూసిన రంగు ఇంకా ఆరలేదు. ముందూ తెల్లదే, వెనకా తెల్లదే పెడతారట్రా ఎవరైనా? వెనకొచ్చే లారీవాడు నువ్వు ఎదురొస్తున్నావనుకోడూ? నా ఎర్ర గోళ్లరంగు సీసా మొత్తం దానికే పూసేశాను.

పైసా ఖర్చు లేకుండా లైట్లు చేశానని వీధంతా డప్పు కొట్టుకున్నావుగా! ఎందుకవుతుంది ఖర్చు? టార్చి నాది, సబ్బుపెట్టె నాది, కట్టిన రబ్బరుబ్యాండ్లు నా జడవి. చివరికి గోడగడియారం బ్యాటరీ కూడా పీకేశావు. ఆగిన గడియారం చూసి ఇంకా టైముందనుకుని కూర్చున్నా. ఇప్పుడు టీ కూడా తాగకుండా పరిగెడుతున్నా.

అక్క

అన్నట్టు, చీకటి పడేసరికి సైకిలేసుకుని మా కుట్టుమిషన్ల షెడ్డు గేటు దగ్గరుండు. నా టార్చి నీ హ్యాండిలుకి కట్టేసుకున్నాక, ఆ సందులో నేను గోడలు తడుముకుంటూ రావాలా?