ఇస్తామని ఇవ్వని కుందేళ్ళు

శుక్రవారం

పొద్దున్నే వెళ్ళిపోవాల్సిన కుందేళ్ళు రెండూ ఇంకా వరండాలోనే ఉన్నాయి.

నిన్న నల్లది మూడేళ్ళ మనవడి వేలు కొరికింది. ఈ నెలలో ఇది మూడోసారి. తెల్లది కరవదు గాని, ఎత్తుకుంటే చేతులు రక్కేస్తుంది. ఎవరికైనా ఇచ్చేద్దామని తీర్మానించింది నేనే. చంద్రగిరి వైపు మామిడి తోట ఉన్న ఆయన తీసుకుంటానన్నాడు. తోటలో హాయిగా తిరుగుతాయని మనవరాలికి నచ్చజెప్పిందీ నేనే. అది ఏడుస్తూనే, వాటికి ఏ పూట ఏం పెట్టాలో పేజీ నిండా రాసి, ఇవాళ పొద్దున వచ్చి బోను ఎత్తుకున్న ఆయన చేతికిచ్చింది.

ఆయన చదివి నవ్వాడు. "ఆదివారం దాకా ఉండేవాటికి ఇంత పట్టీ దేనికి పాపా? ఆ పొద్దు మా ఇంటికి సుట్టాలొస్తా ఉండారు."

పిల్లకు అర్థం కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బోను కింద పెట్టప్పా."

"ఏమైందమ్మా? మీరే గదా ఇస్తామనింది!"

"ఇప్పుడు ఇయ్యనంటా ఉండాను. పెట్టు."

ఇంట్లో అందరినీ ప్రశ్నలతో వేధించేదాన్ని, ఎందుకు తీసుకుంటున్నావని ఆయన్ని ఒక్క మాట అడగలేదు.

సాయంత్రం కోడలు పిల్లవాడి వేలికి కట్టు మారుస్తూ, "ఈసారి మొగం మీద కరిస్తే ఏం జేద్దాం అత్తా?" అంది. నేను లేచి వెళ్ళి బోనుకు తాళం వేశాను.

ఇవ్వక తప్పదు. మళ్ళీ ఎవరైనా వస్తే, పెంచుకోవడానికా కోసుకోవడానికా అని ముందే అడగాలి. మనవరాలి ఎదుట ఎలా అడగడం? పొద్దుటి నుంచి అది నా కొంగు వదలడం లేదు. నాకు కుందేళ్ళంటే ప్రేమ అనుకుంటోంది.