ఉప్పమ్మ లెక్కల పరీక్ష

ఏమండీ,

పెద్దల బడికి సెలవులైపోయాయి. చలికాలం టర్మ్ ఈరోజే మొదలు, నేను వెళ్తున్నాను. కూర పొయ్యి మీద ఉంది. ఉప్పు మాత్రం మీరే వేసుకోండి. అమ్మాయి రాగానే పాలు వెచ్చబెట్టివ్వండి. దాని పాత స్వెటర్ నేనే వేసుకెళ్తున్నాను, వెతక్కండి.

పోయిన టర్మ్‌లో లెక్కల పరీక్ష మధ్యలో ఫోన్ చేసి "ఉప్పెక్కడుందే?" అని అరిచారు, గుర్తుందా? క్లాసంతా వినబడింది. మాస్టారు నా పేపరు లాక్కుని బయటికి పంపేశారు. అప్పట్నుంచీ అక్కడ అందరికీ నేను ఉప్పమ్మనే. ఆ పరీక్షే ఈరోజు మళ్ళీ రాస్తున్నాను. ఈసారి ఆఖరి లెక్క తేలేదాకా బల్ల దగ్గర్నుంచి లేవను.

మీ మీద కోపమేం లేదు. ఉంది గానీ, వచ్చాక చూసుకుందాం.

తా.క.: ఉప్పు కనబడకపోతే నిరభ్యంతరంగా నాకు ఫోన్ చెయ్యండి. నా ఫోను ఆ ఉప్పు డబ్బా మీదే పెట్టి వెళ్తున్నాను, అక్కడే మోగుతుంది.