తోమకూడని బిళ్లలు

కాషాక్టన్, ఒహాయో
మే 9

ప్రియమైన ఆర్డిత్ అక్కకు,

తమ్ముడు మెర్ల్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేను, వెర్నా, చూపు పోయిన మా ముసలి పిల్లి. ముగ్గురిలో నిజంగా బాగున్నది పిల్లి ఒక్కటే. ఒమాహాలో నువ్వూ, బావా, పిల్లలూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అంది వారం దాటింది. అడిగినవాటికి వరసగా చెబుతాను. నా మోకాలి నొప్పి అలాగే ఉంది. పెరట్లో రూబార్బ్ ఏపుగా పెరిగింది కానీ దాంతో వండేవాళ్లే లేరు. ఫోన్ ఎత్తనని తిట్టావు. అది మోగినప్పుడల్లా వెర్నా హడలిపోయి బల్ల కింద దూరుతోంది, అందుకని తీగ పీకేశాను. ఆమెను సంరక్షణ గృహంలో చేర్చమన్నావు. డాక్టరూ అదే అన్నాడు. ఒకరోజు కారులో తీసుకెళ్లాను కూడా. గుమ్మం ముందు దిగగానే నా చొక్కా పట్టుకుని, "బాబూ, నన్ను మా ఇంటి దగ్గర దింపుతారా? మావారు వెతుక్కుంటూ ఉంటారు," అంది. ఆ మావారు అంటే నేనే. అటునుంచి అటే వెనక్కి తీసుకొచ్చేశాను.

ఇక మిగిలింది ఏసహెల్ తాత బిళ్ల గురించి నువ్వు అడిగిన మాట. దానికి కాస్త ఆగు.

మా పెళ్లయిన ఏడాది కొలంబస్‌లో పాత పతకాల ప్రదర్శన జరిగింది, నీకు చెప్పే ఉంటాను. నేను కాఫీ తాగి వచ్చేసరికి వెర్నా నా బల్ల మీది రాగి బిళ్లనొకదాన్ని నిమ్మరసం, ఉప్పు పెట్టి తళతళా తోమి పెట్టింది. అంతర్యుద్ధం రోజుల్లో చిల్లర దొరక్క కొట్లవాళ్లు సొంతంగా అచ్చు వేయించుకున్న బిళ్ల అది. నూరేళ్ల నలుపు గంటలో పోయింది. పాత బిళ్లలు సేకరించే మావాళ్లలో దీన్ని మించిన పాపం లేదు. అందరి ముందూ, "బుర్రుందా నీకు?" అని అరిచాను. నన్ను సంతోషపెడదామని చేసిందట. కారులో కూర్చుని ఏడ్చింది. ఆ తరవాత నలభై ఏడేళ్లు ప్రతి ప్రదర్శనలోనూ చేతులు ఒళ్లో పెట్టుకుని నా పక్కనే కూర్చుంది. ఒక్క బిళ్లనూ ముట్టుకోలేదు.

ఇప్పుడు నా అరుపూ మరిచిపోయింది, నన్నూ మరిచిపోయింది. గుర్తున్నదల్లా వాళ్లమ్మ శనివారం శనివారం చర్చిలో ఇత్తడి సామాను తోమించడమే. మా ఇంట్లో రోజూ శనివారమే. "రేపు ఆదివారం. నల్లగా ఉంటే అమ్మ చంపేస్తుంది," అంటూ గదులన్నీ తిరుగుతుంది. తోమడానికేమీ దొరక్కపోతే వీధిలోకి వెళ్లిపోతుంది. తలుపు పిడులు ఇచ్చాను, దీపపు స్తంభాలు ఇచ్చాను. తోమినవే మళ్లీ ఇస్తే, "ఇదయిపోయిందిగా, నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారా?" అని విసిరికొట్టింది. సంతలో పాత గిన్నెలు కొనుక్కొచ్చాను, అవతలికి తోసేసింది.

జనవరిలో ఒకరోజు నా సొరుగు తనే లాగింది. అరవబోయాను. అప్పటికే ఒక బిళ్ల అరచేతిలో పెట్టుకుని గుడ్డతో రుద్దుతోంది, ఏదో కూనిరాగం తీస్తోంది. తలెత్తి, "కూర్చో మెర్ల్, కాళ్లు నొప్పెట్టడంలా?" అంది. నా పేరు ఆమె నోట విని అప్పటికి ఆరు నెలలయింది అక్కా.

ఆనాటి నుంచి రోజుకొకటి నేనే చేతికిస్తున్నాను. గాడిద బొమ్మవి, చెక్క గుడిసె బొమ్మవి, ఎన్నికల్లో కోటుకు తగిలించుకున్నవి, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఊళ్లవాళ్లు ఇచ్చినవి. లింకన్ ముఖం ఫొటో అతికించిన చిన్న బిళ్ల ఉండేది చూడు, దాన్ని చూసి, "ఈయన మొహం కడుక్కుని ఎన్నాళ్లయిందో!" అని శుభ్రంగా తుడిచేసింది. కింద రేకు మిగిలింది. నవ్వాను. ఆ తరవాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మా బిళ్లల సంఘంలో విల్మట్ అని నా పాత స్నేహితుడు, మొన్న చూడటానికి వచ్చాడు. పెట్టెలన్నీ మెరిసిపోతుంటే గుండె పట్టుకున్నాడు.

"ఇదేంట్రా? నీకేమైనా మతి పోయిందా?"

"పోయింది నాకు కాదు."

"తాళం వేసుకోలేకపోయావా?"

"దేనికి? ఎవరి కోసం దాచను?"

గబగబా లేచాడు. టోపీ మరిచిపోయి వెళ్లాడు.

ఇక చెప్పక తప్పదు. ఇవాళ్టికి నల్లటి బిళ్ల ఒక్కటీ మిగల్లేదు. వెర్నా పొద్దున్నే రెండుసార్లు వీధిలోకి వెళ్లింది. మూడోసారి వట్టి మేజోళ్లతో వానలో రోడ్డు మధ్య నిలబడింది. లారీవాడు బ్రేకు వేసిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇంట్లోకి లాక్కొచ్చి, తలుపు గడియ వేసి, అమ్మ డబ్బా తెరిచి ఏసహెల్ తాత బిళ్ల ఆమె చేతిలో పెట్టాను.

అది నాది కాదు. నువ్వు నా దగ్గర దాచమన్నది. శవమైతే పేరు లేకుండా పాతేస్తారన్న భయంతో తాత సైన్యంలో కొనుక్కుని మెళ్లో వేసుకున్నది. నాలుగు తరాల వేళ్లకి ఆ అక్షరాలు ముందే అరిగాయి. అది తెలిసే ఇచ్చాను. ఆమె మధ్యాహ్నం దాకా రుద్దింది. ఒక్కో అక్షరం పోతుంటే నేను ఎదురుగా కూర్చుని చూశాను. లాక్కోలేదు.

మధ్యలో గుడ్డ ఆపి నా వైపు చూసింది. "ఈసారి అరవవేం మెర్ల్?" అంది.

"అరవను," అన్నాను. "ఇంకెప్పుడూ అరవను వెర్నా."

"సరే అయితే," అని మళ్లీ రుద్దుకుంది.

ఈ నెల చివరి సోమవారం, పోయిన సైనికులను తలుచుకునే రోజున, సమాధి దగ్గర తాత పేరు చదివే వంతు నీది. రాతి మీద అక్షరాలు మన చిన్నప్పుడే వానలకు పోయాయి. ఆఖరికి కళ్లు లేని నాయనమ్మ కూడా ఆ బిళ్ల తడిమే చదివేది. ఇప్పుడు తడిమితే ఏమీ తగలదు అక్కా, నున్నగా ఉంది. ఏసహెల్ పర్డీ, ఒహాయో పదాతి దళం, డి కంపెనీ. నీకు నోటికొచ్చనుకో, అయినా రాసిచ్చాను. నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు. సమాధి దగ్గరికి రావద్దంటే రాను.

కానీ నువ్వు మాత్రం రా. రేపు ఆమె చేతికి ఇవ్వడానికి ఏమీ లేదు. ఎల్లుండికీ లేదు. నాకు చేతకావడం లేదు.

వస్తూ ఒకటి తీసుకురా. నీ పెళ్లికి నేనిచ్చిన చిల్లు బిళ్ల, రిబ్బనుకి కట్టి ఇచ్చినది, దాచావుగా? ఎన్నడూ తోమనని నీ చేత ఒట్టు వేయించుకున్నానని బావ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆ మాట నిలబెట్టే ఉంటావు, నాకు తెలుసు. నల్లగానే ఉంటుంది.

అది ఆమెకివ్వు అక్కా.

ఇట్లు,
నువ్వు దాచమన్నదాన్ని దాచలేకపోయిన
నీ తమ్ముడు
మెర్ల్